కప్పు ఊపిన రోజు

అల్ మవాలేలోని ఆ చిన్న కాలేజీ పెంచలమ్మకు చూడగానే నచ్చింది. ఇంటికి దగ్గర. పక్కనే కూరగాయల అంగడి, ఎదురుగా మసీదు. గేటు లోపల వేపచెట్టు కింద సిమెంటు అరుగు ఒకటి ఉంది. దాని మీద కూర్చుంటే క్లాసుల కిటికీలు కనబడతాయి. మనవరాలు అంజలి లోపల చదువుకుంటుంటే తను అక్కడ పుస్తకం పట్టుకుని కూర్చోవచ్చు. స్కూల్లోనూ ఇన్నేళ్లూ అలాగే కూర్చుంది.

"లిఫ్టు ఇంకా పెట్టలేదమ్మా, క్లాసులేమో పైన," అని ఆఫీసులో ఆయన హిందీలో మర్యాదగానే చెప్పాడు. "మీరేం భయపడకండి. మా వాచ్‌మన్లు మంచివాళ్లు. పొద్దున కుర్చీతో సహా ఎత్తుకుని పైకి తీసుకెళ్తారు, మధ్యాహ్నం దింపుతారు."

పెంచలమ్మ ఆయనకు చేతులెత్తి దండం పెట్టింది. పరాయి దేశంలో ఇంత మంచివాళ్లు దొరకడమే గొప్ప అనుకుంది. వీల్‌చైర్‌లో ఉన్న అంజలి తల వంచుకుని కుర్చీ బ్రేకు వేసి తీస్తూ, వేసి తీస్తూ ఉండిపోయింది. ఆ టక్ టక్ చప్పుడు పెంచలమ్మకు వినబడింది గానీ పట్టించుకోలేదు.

అంజలికి పుట్టినప్పటి నుంచీ కాళ్లలో బలం లేదు. తండ్రి వీరబ్రహ్మం రుసైల్‌లో ఒక ఫ్యాక్టరీలో వెల్డింగ్ ఫోర్‌మన్. తల్లి శ్రీవాణి ఒక క్లినిక్‌లో రక్తపరీక్షలు చేస్తుంది. ఇద్దరివీ డ్యూటీలు. అందుకే అంజలి స్కూల్లో చేరిన ఏడు, సీబ్‌లో ఒక ఒమానీ ఇంట్లో ఎన్నో ఏళ్లుగా చేస్తున్న పని మానేసి పెంచలమ్మ కూతురింటికి వచ్చేసింది. అప్పటి నుంచి ఆ కుర్చీ పిడులు ఆమె చేతుల్లోనే ఉన్నాయి. స్కూల్లో ఆయాల గదిలో కూర్చుని, పిల్లలు పారేసిన తెలుగు వాచకాలు తిరగేసి, అక్షరం అక్షరం కూడబలుక్కుని చదవడం నేర్చుకుంది. ఎవరూ నేర్పలేదు. ఇప్పుడు నవలలు కూడా చదువుతుంది, చదివేటప్పుడు పెదవులు కదులుతాయి, అంతే.

ఇప్పుడు అంజలికి రెండు చోట్ల సీటు వచ్చింది. ఒకటి ఈ కాలేజీ, రెండేళ్ల డిప్లొమా. రెండోది నిజ్వా వెళ్లే దారిలో ఉన్న యూనివర్సిటీ. అక్కడైతే హాస్టల్లో ఉండాలి, ఇక్కడ సెలవులు శుక్ర, శనివారాలు కాబట్టి గురువారం సాయంత్రం ఇంటికొచ్చి శనివారం వెళ్లాలి. ఆదివారానికల్లా ఏదో ఒకటి చెప్పాలి.

ఆ రాత్రి అన్నాల దగ్గర మాట వచ్చింది.

"ఈడ రెండేండ్లు చదివితే డిప్లొమా చేతికొస్తాది," అంది శ్రీవాణి. "కావాలంటే తర్వాత యూనివర్సిటీకి మారొచ్చు. చానా మంది అట్లే చేస్తాండారు."

"ఈడ ఉండేది ఆఫీసు పనుల చదువు మా. రాళ్ల చదువు లేదు. రెండేండ్లయినాక మారినా మళ్లీ మొదటి నుంచే," అంది అంజలి.

జియాలజీని ఆ ఇంట్లో అందరూ రాళ్ల చదువనే అంటారు.

"రాళ్లలో చదివేదేముందే తల్లీ," అంది పెంచలమ్మ, మనవరాలి పళ్లెంలో చెనిక్కాయల పొడి వేస్తూ. "మీ అబ్బ బతుకంతా కడప బండలు కొట్టినాడు. ఒక్క రాయన్నా ఆయప్పతో మాట్లాడిందా?"

"మాట్లాడే ఉంటాది. అబ్బకు వినే తీరిక యాడిచ్చిరి?"

వీరబ్రహ్మం నవ్వు ఆపుకోలేక పొలమారి నీళ్లు తాగాడు.

"కొండలెక్కాల్సి వస్తే ఏం జేస్తావు మరి?"

"ఎక్కేవాళ్లు ఎక్కి రాయి తెస్తారవ్వా. దాన్ని పలచగా కోసి మైక్రోస్కోపు కింద పెట్టి కూర్చోని చూడాల. కూర్చునే పని నాకంటే బాగా ఎవురికొస్తాది?"

శ్రీవాణి కూడా నవ్వింది. పెంచలమ్మ నవ్వలేదు. ఆ పిల్ల తెలివైన మాట అన్నప్పుడల్లా ఆమెకు దిగులేస్తుంది. తెలివైనవాళ్లు ఇంట్లో నిలవరని ఆమె భయం.

"అత్తా, నువ్వు చెప్పు," అన్నాడు వీరబ్రహ్మం. "పొద్దున లేపేది నువ్వు, స్నానం చేయించేది నువ్వు. మేం డ్యూటీలని తిరిగేవాళ్లం. నువ్వు ఊ అంటేనే."

"దగ్గరుండేదే మేలు. మోసేదానికి మనుషులు గూడా ఉండారు."

అంజలి పళ్లెంలో మెతుకులు కాసేపు కదిపింది. "సరేలే అవ్వా. ఒక్కసారి యూనివర్సిటీ చూసొద్దాం, నువ్వూ నేనూ. చూసినాక నువ్వేమంటే అదే."

పెంచలమ్మ వెంటనే ఒప్పుకుంది. చూస్తే ఏదో ఒక లోపం కనబడకపోదని ఆమె ధైర్యం. వెతకడంలో ఆమె దిట్ట.

*

నిసార్ అహ్మద్‌ది రాయచోటి. ఇక్కడ స్కూలు పిల్లల వ్యాన్ నడుపుతాడు. సెలవులు కాబట్టి ఖాళీగానే ఉన్నాడు. కుర్చీ మడిచి వెనకాల పెట్టి, అంజలిని ముందు సీట్లో కూర్చోబెట్టి, పెంచలమ్మ వెనకాల కూర్చున్నాక నిజ్వా రోడ్డు పట్టించాడు.

మనుషుల్ని వదిలి వెళ్లే బండి అంటేనే పెంచలమ్మకు బెదురు. మొదటిసారి ఈ దేశానికి వచ్చినప్పుడు శ్రీవాణి నాలుగేళ్లది. రాజంపేటలో అక్క ఇంట్లో పిల్ల నిద్రపోతుంటే, "లేస్తే వదలదు, ఇప్పుడే పో" అన్నారు పెద్దవాళ్లు. పోయింది. మళ్లీ వెళ్లేసరికి పిల్ల పెద్దమ్మ చీర చాటున దాక్కుని తొంగి చూసింది. బండలు కొట్టే భర్త ఓబయ్య పోయినప్పుడు ఆమె సీబ్‌లో ఉంది. పనిచేసే ఇంటివాళ్ల దగ్గరున్న పాస్‌పోర్టు చేతికొచ్చి ఊరు చేరేసరికి అంతా అయిపోయింది. ఆ తర్వాత ఆమె నిద్రపోతున్న మనిషిని ఇంట్లో వదిలి అంగడికి కూడా వెళ్లలేదు. ఏదైనా కావాలంటే ముందు లేపి చెప్పి వెళ్తుంది. శ్రీవాణి విసుక్కునేది. ఇప్పుడు మానేసింది.

సమాయిల్ దాటాక నిసార్ ఒక టీ అంగడి ముందు వ్యాన్ ఆపి హారన్ కొట్టాడు. లోపలి మనిషి ట్రేలో కరక్ అనే చిక్కటి పాల టీలు పెట్టుకుని ఎండలో నడిచి వచ్చాడు.

"ఈ దేశంలో టీకి బండి దిగినోడిని నేనింతవరకు చూల్లేదు పెద్దమ్మా," అన్నాడు నిసార్. "హారన్ కొడితే టీ వస్తాది, పరాటా వస్తాది, మందులు గూడా వస్తాయి. అందరూ మన అంజలి మాదిరే, కూర్చున్న కాడికే అన్నీ."

"నేను ముందే కనిపెట్టిన పద్ధతి అన్నా అది," అంది అంజలి. "ఈళ్లు నన్ను చూసి నేర్చుకున్నారు."

రోడ్డుకు రెండు వైపులా నల్లటి, ఎర్రమట్టి రంగు కొండలు. ఒక్క చెట్టు లేదు. అంజలి కప్పు పట్టుకున్న చేత్తోనే చూపించింది.

"ఆ నల్ల కొండలుండాయే, ఒకప్పుడు సముద్రం అడుగున ఉండేవంట అవ్వా."

"సముద్రం అడుగుదాన్ని ఇంత ఎత్తుకు ఎవురు మోసినారు?"

"ఎవురూ మోయలేదు. నిదానంగా వచ్చినాయి."

పెంచలమ్మ కొండల వంక అనుమానంగా చూసింది. ఆమెకవి ఎక్కడికీ వచ్చినట్టు కనబడలేదు.

*

యూనివర్సిటీలో వాళ్లను కలిసిన ఆఫీసరు పేరు బదరియా. నడివయసు ఒమానీ ఆవిడ. నల్ల అబాయా, గుండ్రని కళ్లజోడు. వికలాంగ విద్యార్థుల వ్యవహారాలు చూసేది ఆమేనట. అంజలితో ఇంగ్లీషులో, పెంచలమ్మతో అరబ్బీలో మాట్లాడింది. పెంచలమ్మకు వచ్చిన అరబ్బీ వంటింటి అరబ్బీయే అయినా పని జరిగిపోయింది.

బల్ల మీద ఖర్జూరాలు, ఖహ్వా అనే చేదు కాఫీ ఉన్న కూజా, పిడి లేని చిన్న కప్పులు ఉన్నాయి. బదరియా ఏదో అడగబోతుండగానే పెంచలమ్మ లేచింది. ఎడమ చేత్తో కూజా ఎత్తి, కుడి చేత్తో కప్పు అందుకుని, ముందు బదరియాకు, తర్వాత అంజలికి పోసి, గోడకు ఆనుకుని కూజాతో నిలబడింది. అదేమీ ఆలోచించి చేసింది కాదు. ఒమానీ గదిలో కూజా కనబడితే ఆ చేతులు చేసే పని అదే.

అంజలి ముఖం ఎర్రబడింది. బదరియా కప్పు కింద పెట్టి లేచింది. "మీరు ఎవరింట్లో చేశారు, ఉమ్మీ?" అని అడిగింది. అమ్మా అని అర్థం ఆ మాటకు.

"సీబ్‌లో. చాలా ఏళ్లు."

"బాగా నేర్పారు. కానీ ఈ రోజు మీరు నా ఇంటికొచ్చిన చుట్టం." కూజా మెల్లగా ఆమె చేతిలోంచి తీసుకుని కుర్చీలో కూర్చోబెట్టి, తనే కప్పు నింపి ఇచ్చింది.

పెంచలమ్మ తాగింది. బదరియా మళ్లీ పోసింది. తాగింది. మళ్లీ పోసింది. చేదు గొంతులో దిగబడుతోంది గానీ ఆఫీసరమ్మ పోస్తుంటే వద్దనడం ఎలా అని అదీ తాగింది. అంజలి పక్కకు వంగి చెవిలో చెప్పింది.

"అవ్వా, కప్పు ఊపు. లేకుంటే ఆయమ్మ సాయంత్రం దాకా పోస్తానే ఉంటాది."

పెంచలమ్మకు సిగ్గేసింది. తెలియక కాదు. ఖహ్వా చాలనుకున్నవాళ్లు కప్పును వేళ్ల మధ్య అటూ ఇటూ రెండు మూడుసార్లు ఊపి తిరిగి ఇస్తారు. ఊపనంతవరకు పోయాల్సిందే. ఊపాక ఇంకొంచెం అనకూడదు, ఎందుకని అడగకూడదు, కప్పు తీసుకోవాలి. ఇదంతా మనవరాలికి చిన్నప్పుడు కథలా చెప్పింది తనే. పోసే చెయ్యే గానీ తాగే చెయ్యి తనదెప్పుడూ కాలేదు, అంతే. కప్పు ఊపింది. బదరియా నవ్వి తీసుకుంది.

తర్వాత ప్రశ్నలు మొదలయ్యాయి. మంచం మీది నుంచి కుర్చీలోకి నువ్వే మారగలవా, అని అంజలిని అడిగింది బదరియా.

"నేను మారుస్తాను," అంది పెంచలమ్మ అరబ్బీలో.

బట్టలు? "నేను చూస్తాను." రాత్రి ఏదైనా అవసరమైతే? "నేను పక్కనే పడుకుంటాను." ఆమె జవాబులు చెబుతూనే ఉంది. అంజలి కుర్చీ బ్రేకు వేసి తీయడం మొదలుపెట్టింది. టక్. టక్.

బదరియా కాగితాలు పక్కకు జరిపింది. "ఉమ్మీ, మీరు కాసేపు ఇక్కడే విశ్రాంతి తీసుకోండి. హాస్టల్, ల్యాబు చూపించడానికి ఒక అమ్మాయిని పంపిస్తాను. అంజలి వెళ్లి చూసొస్తుంది."

"నేనూ పోతా."

"ఉండవ్వా," అంది అంజలి. అంతే అంది. ఒక ఒమానీ అమ్మాయి వచ్చింది, ఇద్దరూ తలుపు దాటి వెళ్లారు. కుర్చీ వెనక ఎవరూ లేకుండా కుర్చీ వెళ్లడం పెంచలమ్మ చూసింది.

కాసేపు కూర్చుంది. తెచ్చుకున్న నవల తెరిచింది. ఒకే వాక్యం మళ్లీ మళ్లీ చదివింది. బదరియా ఫోన్‌లో ఉండగా లేచి వరండాలోకి వచ్చింది. ఒక పెద్ద అద్దాల గోడ దగ్గర ఆగిపోయింది.

కింద ఎండలో ఒక పొడవైన ర్యాంపు. దాని చివర రాళ్ల ల్యాబు కాబోలు, ముందు పెద్ద పెద్ద బండరాళ్లు వరసగా పెట్టి ఉన్నాయి. అంజలి ఆ ర్యాంపు సగంలో ఉంది. చక్రాలను తోసి, తోసి, ఆగింది. కుర్చీ కొంచెం వెనక్కి జారింది.

పెంచలమ్మ రెండు చేతులూ అద్దానికి ఆనించింది. తలుపు ఎక్కడుందో కనబడలేదు. "పట్టుకో మ్మే, పట్టుకో," అంది ఆ ఒమానీ పిల్లను, వినబడదని తెలిసి కూడా. ఆ పిల్ల పక్కనే నిలబడి ఏదో అడిగింది. అంజలి తల అడ్డంగా ఊపింది. తర్వాత ఒక చక్రాన్ని పట్టి, రెండో చక్రాన్ని తిప్పి, కుర్చీని ర్యాంపుకు అడ్డంగా నిలిపింది. అడ్డంగా నిలిపితే జారదు. అలా నిలబెట్టి, ఊపిరి తీసుకుని, నుదురు తుడుచుకుని, ఆ పిల్ల చెప్పినదానికి నవ్వింది. తీరిగ్గా కుర్చీ మళ్లీ తిప్పి పైకి వెళ్లింది. ముందు వరుసలో ఉన్న ఒక బండ దగ్గర ఆగి, కుర్చీలోంచి పక్కకు వంగి, అరచేయి దాని మీద పెట్టింది. అలాగే ఉంచింది.

ఆ విద్య పెంచలమ్మ నేర్పింది కాదు. కుర్చీ అలా అడ్డంగా నిలబడుతుందని కూడా ఆమెకు తెలియదు. వాలు వస్తే తోయడం, అంతే ఆమెకు తెలిసింది.

*

తిరిగి వచ్చేటప్పుడు నిసార్ అదే అంగడి ముందు ఆపి హారన్ కొట్టాడు. టీలు వచ్చాయి. ఫోన్ మోగితే అతను దిగి నీడ వైపు నడిచాడు.

"అట్ల అడ్డంగా నిలబెట్టేది యాడ నేర్చుకున్నావే?" అని అడిగింది పెంచలమ్మ వెనక సీటులోంచి.

అంజలి అద్దంలో ఆమెను చూసింది. "చూస్తివా?"

"చూసినాలే."

"మన బిల్డింగు కింద, కార్లు దిగే వాలు ఉండాదే, ఆడ. మధ్యాహ్నం నువ్వు నిద్రపోతావు గదా. లిఫ్టులో కిందికి పోయి నేర్చుకుంటి. రెండుసార్లు పడితి గూడా. నీళ్ల పంపు చూసే ఆయన లేపినాడు. నీకు చెప్పొద్దని బతిమాలుకుంటి."

"నిద్రపోతాంటే వదిలేసి పోతివా నన్ను," అంది పెంచలమ్మ. గొంతు ఆమెకే చిన్నగా వినబడింది.

"మళ్లీ వచ్చినా గదవ్వా. ప్రతిరోజూ నువ్వు లేచేలోపల వచ్చినా."

కిటికీ అవతల నల్ల కొండల మీద ఎండ దిగుతోంది. పెంచలమ్మ కొంగు సర్దుకుంది. ఒప్పుకుంటే ఒప్పుకోవచ్చు, కానీ ఒంటరిగా ఎలా పంపడం అని ఆమె నోరు తనంతట తనే మొదలుపెట్టింది.

"సరే, ఆ యూనివర్సిటీకే పోదువులే. నేనూ నిజ్వాలో యాడన్నా రూమ్ తీసుకుంటా. ఒమానీ ఇండ్లల్లో పని దొరక్కపోదు, నాకు అరబ్బీ వచ్చు. పొద్దున్నే వచ్చి నీకు స్నానం చేయించి పోతా. మధ్యాహ్నం అన్నం తెస్తా. ఆ హాస్టల్ కూడు నువ్వు తినలేవు. సాయంత్రం వచ్చి తల దువ్వుతా. రాత్రికి ఆ వార్డెనమ్మను అడిగి కింద చాప పరుచుకుని..."

అంజలి టీ అయిపోయిన కాగితం కప్పును వేళ్ల మధ్య పట్టుకుని, సీటు పక్కగా వెనక్కి చాచి, అటూ ఇటూ మెల్లగా ఊపింది.

పెంచలమ్మ మాట ఆగిపోయింది.

ఆ ఊపులో విసురు లేదు. కడుపు నిండినవాళ్లు ఊపినట్టే ఊపింది. అలా ఊపిన కప్పులను ఆమె ఎంతమంది చుట్టాల దగ్గర తీసుకుందో. ఏ ఒక్కరినీ ఇంకొంచెం అని బలవంతపెట్టలేదు. ఏ ఒక్కరి మీదా కోపం తెచ్చుకోలేదు. పోసింది బాగుంది కాబట్టే చాలంటారని ఆమెకు తెలుసు.

చెయ్యి చాచి కప్పు తీసుకుంది.

"చెప్పు మీ అమ్మకు," అంది. "రాళ్ల చదువే అని చెప్పు."

అంజలి వెనక్కి తిరగలేకపోయింది గానీ, చాచిన చెయ్యి వెనక్కి తీసుకోలేదు. పెంచలమ్మ ఆ వేళ్లు పట్టుకుని కూర్చుంది. నిసార్ వచ్చి డోరు తెరిచి, ఇద్దరినీ చూసి, "టీ బాగలేదా ఏంది?" అన్నాడు.

*

సెప్టెంబరులో దింపడానికి వెళ్లిన రోజు శ్రీవాణికి సెలవు దొరకలేదు. రాత్రే కూతుర్ని పట్టుకుని ఏడ్చి, పొద్దున డ్యూటీకి పోయింది. వీరబ్రహ్మం సామాను మోసి, హాస్టల్ బాత్రూమ్‌లో పట్టుకునే కడ్డీని చేత్తో లాగి చూసి, వెల్డింగ్ బాగానే ఉందని చెప్పి, కళ్లు తుడుచుకుంటూ వ్యాన్ దగ్గరికి వెళ్లిపోయాడు.

పెంచలమ్మ హాస్టల్ గేటు దాకా కుర్చీ తోసింది. అక్కడ ఆగింది.

"ఈన్నుంచి నేను పోతా," అంది అంజలి. "గురువారం వస్తా. నువ్వు చదివే ఆ నవలలో ఆయమ్మ ఏమైందో అప్పటికి చదివి పెట్టు, చెబ్దువు."

"నువ్వు తిరిగి చూడొద్దు. చూస్తే నేను లోపలికి వచ్చేస్తా."

అంజలి చూసింది. చూసి, నవ్వి, వెళ్లింది. పట్టపగలు, ఇద్దరూ మేలుకుని ఉండగా, ఒకరి ముఖం ఒకరికి కనబడుతుండగా వెళ్లింది. పెంచలమ్మ చేతులు కాసేపు పిడులు పట్టుకున్నట్టే గాలిలో ఉండిపోయాయి. తర్వాత కిందికి దిగాయి.

సమాయిల్ దగ్గర నిసార్ ఎప్పటి అంగడి ముందు ఆపి హారన్ మీద చెయ్యి వేశాడు.

"కొట్టొద్దు నాయనా," అంది పెంచలమ్మ. "నేను దిగి తాగుతా."

"యాడికి పెద్దమ్మా, ఈ ఎండలో?"

"కాళ్లుండాయి గదా. ఊరికే కూర్చోబెట్టేది ఏంటికి?"

వీరబ్రహ్మం కూడా దిగబోతే వద్దంది. ఒక్కతే అంగడి దాకా నడిచి, టీ తీసుకుని, గోడ నీడలో నిలబడి తాగింది. వెనకాల నేల కొండ దాకా గులకరాళ్లే. ఒకటి వంగి తీసుకుంది. నల్లగా, ఒక పక్క పచ్చటి చారతో, అరచేతిలో వేడిగా ఉంది. చెవి దగ్గర పెట్టుకోబోయి, చుట్టూ చూసి, మానుకుంది.

రాయిని కొంగు చివర వేసి గట్టిగా ముడి వేసుకుంది. అదేమంటుందో గురువారం అడగాలి.